పన్నెండు రోజుల బొమ్మ

లెనోర్ వేల్ అప్పటికి పధ్నాలుగు సినిమాల్లో నటించింది. అందులో పదకొండింటిలో చచ్చిపోయింది. రెండుసార్లు విషం తాగి, నాలుగుసార్లు తుపాకీ గుండు తగిలి, ఒకసారి ఓడతోపాటు మునిగి, ఒకసారి రైలు కింద పడి, ఒకసారి పులి నోట పడి, రెండుసార్లు అగ్నిపర్వతంలో దూకి. పరాయి ఆడవాళ్ల మొగుళ్లను వలలో వేసుకునే మనిషి చివరి రీలు దాకా బతికుంటే ప్రేక్షకులు సహించరని క్రెస్ట్‌మాంట్ స్టూడియో అధిపతి ఓర్విల్ ట్రాస్క్ నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన నలభై థియేటర్లు కట్టాడు.

1936 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ట్రాస్క్ ఆమెను పిలిపించి, పదిహేనో సినిమా స్క్రిప్టు బల్ల మీద ముందుకు తోశాడు.

"చదివావా?"

"చదివాను మిస్టర్ ట్రాస్క్. మళ్లీ అగ్నిపర్వతమే."

"ఈసారిది పెద్దది. నిజం పొగ వస్తుంది."

"నాకు ముప్పై మూడేళ్లొచ్చాయి. గడ్డి పావడా కట్టుకుని, మెళ్లో పూలదండ వేసుకుని ఓడ సరంగుల ముందు ఇంకా ఎన్నేళ్లు ఊగమంటారు?"

"జనానికి నువ్వలాగే ఇష్టం."

"జనానికి మీరు ఇంకోలా ఎప్పుడు చూపించారని?"

ట్రాస్క్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కోపం వస్తే అరిచే రకం కాదు, కళ్లజోడు తుడుచుకునే రకం. పక్క గదిలో సెక్రటరీ టైపు మిషను చప్పుడు ఆగిపోయింది.

"నేను చెయ్యను," అంది ఆమె.

"సరే, చెయ్యకు. నీ కాంట్రాక్టులో ఇంకో మాట కూడా ఉంది. నిన్ను నేను ఏ కంపెనీకి అరువిస్తే ఆ కంపెనీకి వెళ్లి నటించాలి. గుర్తుందా?"

"ఉంది."

"గోవర్ వీధిలో గస్ హార్న్‌బీక్ అని ఒకడున్నాడు. పన్నెండు రోజుల్లో బొమ్మ చుట్టేస్తాడు. వాడికో హీరోయిన్ కావాలట. వెళ్లిరా. పన్నెండు రోజులు గుర్రాల పేడ వాసన పీల్చొస్తే నీకు అగ్నిపర్వతం ముద్దొస్తుంది."

గోవర్ వీధి అంటే ఏమిటో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. రేకుల షెడ్లలో, అద్దె గుర్రాలతో, అరిగిపోయిన సెట్లతో వారానికో బొమ్మ తీసే చిన్న కంపెనీలన్నీ అక్కడే బారుగా ఉండేవి. పెద్ద స్టూడియో నుంచి అక్కడికి వెళ్లిన తార వెనక్కి తిరిగొచ్చిన దాఖలాలు చాలా తక్కువ. ఆ సంగతి ట్రాస్క్‌కీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె లేచి నిలబడి, చేతి తొడుగులు వేసుకుని, "ఎప్పట్నుంచి?" అని మాత్రం అడిగింది.

"రేపట్నుంచే."

బయట కారులో ఫిలమీనా డ్వార్టే కూర్చుని ఉంది. ఆమె తొమ్మిదేళ్లుగా లెనోర్‌కి జుట్టు దువ్వి, బట్టలు సర్ది, అవసరమైనప్పుడు చివాట్లు కూడా పెడుతున్న మనిషి. శాన్ పెద్రో రేవులో పోర్చుగీసు జాలరుల కుటుంబం. యాభై దాటాయి. నలుగురిలో 'మిస్ వేల్' అంటుంది గానీ, ఇద్దరే ఉన్నప్పుడు అసలు పేరుతోనే పిలుస్తుంది.

"ఏమన్నాడు?"

"గోవర్ వీధికి పొమ్మన్నాడు. నువ్వు రావక్కర్లేదు ఫిలమీనా. నీ జీతం స్టూడియోది."

"నీ జుట్టు ఎవరు దువ్వుతారు ఎట్టా, గుర్రాల వాడా?" అంది ఫిలమీనా, కారు తాళం తిప్పుతూ.

లెనోర్ అసలు పేరు ఎట్టా స్ట్రౌప్. ఒహాయో నది ఒడ్డున కార్వర్స్ ల్యాండింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి పడవల మరమ్మతు చేసేవాడు. పదహారో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. ఆ ఎక్స్ఛేంజిలో రెండే కుర్చీలు. ఒకటి ఎట్టాది, రెండోది ఓపల్ స్ట్రిక్కర్‌ది. నలభయ్యేళ్ల ఓపల్‌కి ఊళ్లో ప్రతి గొంతూ తెలుసు. ఎట్టాకి ఆమె మొదటిరోజే ఒక నియమం చెప్పింది. "ఫోన్ చేసినవాళ్లతో 'నాకు తెలీదు' అనకూడదమ్మాయ్. నువ్వేం చెయ్యగలవో అది చెప్పు. నీ గొంతు వినబడ్డంతసేపూ వాళ్లకి ధైర్యంగా ఉండాలి."

ఎట్టాకి పదిహేడేళ్లప్పుడు, మార్చి నెలలో ఒక పొద్దున నది పొంగింది. ఎక్స్ఛేంజిలోకి నీళ్లు రాగానే ఓపల్ తలైనా తిప్పకుండా, "ఎట్టా, కోర్టు కొండ మీదికి పో," అంది. ఎట్టా వెళ్లింది. కొండ మీద నిలబడి, నీళ్లలో మునుగుతున్న ఆ ఇటుకల ఇంటి కిటికీని రోజంతా చూస్తూనే ఉంది. బ్యాటరీలు మేడ మీద ఉండటంతో లైన్లు పనిచేశాయి. నడుము లోతు నీళ్లలో ఓపల్ తొమ్మిది గంటలు అక్కడే ఉండి, పల్లపు వీధుల్లో ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి జనాన్ని లేపి పంపించింది. తర్వాత బతికే బయటపడింది. మూడోరోజు ఎట్టా సూప్ పట్టుకెళ్తే, "షిఫ్టు ఎగ్గొట్టావే నువ్వు," అని నవ్వింది. ఎట్టాకి నవ్వు రాలేదు. రెండేళ్ల తర్వాత ఊరికొచ్చిన నాటకాల కంపెనీ వెంట వెళ్లిపోయి, ఆ తిరుగుడులోనే కాలిఫోర్నియా చేరింది. సినిమాలకి మాటలు వచ్చినప్పుడు, అందగత్తెలు చాలామంది గొంతు బాగాలేక ఇంటిదారి పట్టారు. టెలిఫోన్‌లో అరిగి నునుపెక్కిన ఎట్టా గొంతుకి మాత్రం క్రెస్ట్‌మాంట్ తలుపులు తెరుచుకున్నాయి. లెనోర్ వేల్ అని పేరు పెట్టి, కనుబొమలు గీయించి, చావడం మొదలుపెట్టించారు.

గస్ హార్న్‌బీక్ ఒకప్పుడు ఊరూరా తిరిగే సంతల్లో బలశాలిగా ఇనుప గుండ్లు ఎత్తేవాడు. ఇప్పుడు పొట్ట పెరిగింది. షెడ్డు గుమ్మంలో ఎదురొచ్చి, టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మిస్ వేల్ గారూ, మీకు ప్రత్యేకం గది ఉంది. నిన్నటిదాకా గుర్రపు జీనులు పెట్టుకునేవాళ్లం. కడిగించాను."

"బాగుంది. స్క్రిప్టు ఉందా?"

"ఉందండీ, పదహారు పేజీలు." గస్ కొంచెం సిగ్గుపడ్డాడు. "మిగతాది గుర్రం చూసుకుంటుంది."

కథ చిన్నది. ఒక ఊరికి వరదొస్తుంది. టెలిఫోన్ ఆఫీసులో ఒక అమ్మాయి చిక్కుకుపోయి కేకలు పెడుతుంది. డెల్ రాఫర్టీ అనే గుర్రపువీరుడు వచ్చి ఆమెను కిటికీలోంచి ఎత్తుకుపోతాడు. ఎట్టా ఆ పదహారు పేజీలూ జీనుల గదిలో కూర్చుని చదివింది. టెలిఫోన్ ఆఫీసు అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది. తర్వాత గస్ దగ్గరికి వెళ్లి, "ఈ అమ్మాయి కేకలు పెట్టదండీ. ఆపరేటర్లు కేకలు పెట్టరు," అంది.

"మరేం చేస్తారు?"

"లైన్లు కలుపుతారు."

గస్ బుర్ర గోక్కున్నాడు. "ఇది గుర్రాల బొమ్మ మిస్ వేల్. లైన్లు కలుపుతుంటే ఎవరు చూస్తారు?"

మొదటి రెండురోజులూ రాఫర్టీ గుర్రపుస్వారీ తీశారు. మూడోరోజు పొద్దున గుర్రం కంచె దగ్గర బెదిరి అతన్ని విసిరికొట్టింది. భుజం ఎముక విరిగింది. చెయ్యి కట్టుతో రాఫర్టీ అటు వెళ్లాడు, గస్ ఇటు బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"అయిపోయింది. హీరో లేడు, బొమ్మా లేదు."

మధ్యాహ్నం అందరూ పళ్లాల్లో చిక్కుడుగింజల కూర వేసుకుని షెడ్డు నీడలో కూర్చున్నప్పుడు, ఎట్టా వాళ్లకి ఓపల్ స్ట్రిక్కర్ కథ చెప్పింది. ఆమె ఎవరికీ చెప్పని కథ అది. కొండ మీద తను నిలబడ్డ సంగతి కూడా దాచలేదు. వింటున్నవాళ్లలో కెమెరామన్ ఆంటన్ వెసెలీ ఉన్నాడు. మూగ సినిమాల కాలంలో యూరప్‌లోని బొహీమియా నుంచి వచ్చినవాడు. అప్పట్లో పెద్ద స్టూడియోలు అతని కోసం కాచుకునేవి. సినిమాలకి మాటలు వచ్చాక, శబ్దం కోసం కెమెరాని ఒకచోట బిగించి పెట్టమంటే ఒప్పుకోక పోట్లాడి పోట్లాడి చివరికి గోవర్ వీధికి చేరాడు.

"ఆ అమ్మని ఎవరూ రక్షించడానికి రాలేదా?" అని అడిగాడు గస్.

"బయల్దేరారు. వంతెన తెగిపోయింది."

గస్ తినడం ఆపేశాడు. "రాఫర్టీ స్వారీ రెండురోజులది ఉంది మన దగ్గర. వాడు వస్తూ ఉంటాడు. వస్తూనే ఉంటాడు."

"కానీ చేరడు," అంది ఎట్టా.

"హీరో చేరకపోతే జనం నా షెడ్డు తగలబెడతారమ్మా."

"ఆవిడే హీరో అయితే?" అన్నాడు ఆంటన్. అతను పొద్దున్నుంచీ మాట్లాడిన మొదటి మాట అదే. "టెలిఫోన్ బోర్డు దగ్గరి సీను మొత్తం ఒకే షాట్. మధ్యలో కట్ ఉండదు. ఏడు నిమిషాలు."

"ఏడు నిమిషాలు ఒక్క మొహమా? ఊపిరాడక ఛస్తారు జనం."

"నది ఆవిడకి మధ్యలో ఊపిరి తీసుకోమని కట్ ఇచ్చిందా?"

గస్ అతని వంకా ఎట్టా వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత పళ్లెం పక్కనపెట్టి లేచాడు. "నేను సంతలో నాలుగొందల పౌన్ల గుండు ఎత్తినప్పుడు మా అమ్మ కళ్లు మూసుకునేది. ఇప్పుడు నేను మూసుకుంటాను. కానివ్వండి."

మిగిలిన రోజులు ఎట్టాకి ఎలా గడిచాయో తెలియలేదు. పొద్దున ఆరింటికల్లా వచ్చేది. పాత సామాన్ల కొట్లో దొరికిన టెలిఫోన్ బోర్డుని వడ్రంగి ఓటిస్‌తో కూర్చుని బాగుచేయించింది. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో గుర్తుగా ఊరి వీధుల పేర్లు రాసింది. గీసిన కనుబొమలు చెరిపేసింది. ఫిలమీనా ఆమె జుట్టుని వెనక్కి లాగి ముడివేసి, వారం రోజులు ఉతకని బూడిదరంగు గౌను తొడిగి, దూరం జరిగి చూసింది.

"ఎలా ఉన్నాను?"

"చావని దానిలా ఉన్నావు," అంది ఫిలమీనా.

కొండ మీదికి వెళ్లిపోయే చిన్నమ్మాయి పాత్రకి ఓటిస్ కూతురిని పెట్టారు. ఆ పిల్ల కొండ మీది నుంచి కిందికి చూసే షాట్ తీసేటప్పుడు ఎట్టా అక్కడ నిలబడలేక, గుర్రాల దొడ్డి వైపు వెళ్లి పని అయ్యేదాకా అక్కడే ఉంది.

పదకొండోరోజు మధ్యాహ్నం పెద్ద షాట్. వీధి చివరి ఫైరింజను వాళ్లు నీళ్ల గొట్టాలు అరువిచ్చారు. సెట్టు పలచని చెక్కతో కట్టింది. ఒకసారి తడిస్తే ఉబ్బి విచ్చిపోతుంది, రెండోసారి తీయడానికి ఏమీ మిగలదు. ఫోన్ చేసేవాళ్లు తెర మీద కనబడరు. ఉత్తి గాలికి జవాబు చెప్పడం తన వల్ల కాదని ఎట్టా ముందే చెప్పడంతో, షెడ్డులో ఉన్న పదహారుమందికీ తలో మాట రాసిచ్చి గోడ వెనక నిలబెట్టారు. ఓటిస్‌ది ఒక రైతు పాత్ర. ఫైరింజను వాళ్ల పెద్దది ఒక పాదిరి పాత్ర. రాఫర్టీ కూడా కట్టుతోనే వచ్చాడు. వంతెన దగ్గర చిక్కుకుని ఫోన్ చేసే మనిషి అతనే. ఫిలమీనా చెప్పాల్సింది ఒకే వాక్యం: 'ఆపరేటర్, డాక్టరు కావాలి.'

కెమెరా తిరిగింది. నీళ్లు గుమ్మం దాటి లోపలికి వచ్చాయి.

ఎట్టా మొదటి తీగని బోర్డులో గుచ్చింది. "చెప్పండి. అవును, వస్తోంది. గొడ్లని వదిలెయ్యండి మిస్టర్ హాలిడే, మిమ్మల్నీ పిల్లల్నీ చూసుకోండి. కొండ దారి ఇంకా బాగుంది." రెండో తీగ, మూడో తీగ. ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. ఒకళ్లతో చర్చి గంట కొట్టమంది. ఇంకొకళ్లతో ముసలాయన చక్రాల కుర్చీ ఎవరు మోయాలో చెప్పింది. నీళ్లు మోకాళ్లకి వచ్చాయి. నిజంగానే చల్లటి నీళ్లు. ఆమె పళ్లు టకటకలాడబోతే దవడ బిగించి మాట్లాడింది. ఆంటన్ కెమెరా బండిని అంగుళం అంగుళం ముందుకు తోయిస్తున్నాడు.

పధ్నాలుగో తీగ ఫిలమీనాది. గోడ వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది, రాసిచ్చిన మాట కాదు అది.

"ఆపరేటర్, మా ఆయన పడవ తిరిగొచ్చిందా అండీ? టిబీరియో పడవ. పొద్దున్నుంచీ రేవులోనే నిలబడ్డాను. చెప్పేవాళ్లు ఎవరూ లేరు."

గస్ తల పట్టుకున్నాడు. ఎట్టా చెయ్యి గాల్లో ఆగింది. పదిహేడేళ్ల కిందట శాన్ పెద్రో నుంచి వేటకి వెళ్లిన ఫిలమీనా మొగుడి పడవ తిరిగి రాలేదని ఆమెకి తెలుసు. ఆ సంగతి ఫిలమీనా తొమ్మిదేళ్లలో ఒకే ఒక్కసారి చెప్పింది, అదీ ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండా.

ఎట్టా ముఖంలో ఆ తర్వాత జరిగినదాన్ని ఏ దర్శకుడూ నేర్పలేడు. కళ్లలో నీళ్లు నిండాయి, కానీ గొంతులోకి మాత్రం రానివ్వలేదు.

"అమ్మా, లైనులోనే ఉండండి. నేను రేవుకి కలుపుతున్నాను. మోగుతోంది. ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎత్తేదాకా నేను ఇక్కడే ఉంటాను, మీరూ ఉండండి."

ఆ తీగని ఎడమచేత్తో అలాగే పట్టుకుని, కుడిచేత్తో మిగతా లైన్లు కలుపుతూ పోయింది. నీళ్లు నడుము దాటాయి. వంతెన దగ్గరి రాఫర్టీకి వెనక్కి తిరిగి పొమ్మని చెప్పింది. మధ్యమధ్యలో ఎడమవైపు తిరిగి, "ఉన్నారా అమ్మా? ఇంకా మోగుతోంది," అంటూనే ఉంది. గోడ వెనక నుంచి ప్రతిసారీ, "ఉన్నాను," అని జవాబు వచ్చింది.

గస్ కట్ చెప్పడం మరిచిపోయాడు. డబ్బాలో ఫిల్ము అయిపోయి కెమెరా దానంతటదే ఆగింది. అప్పుడు కూడా ఎవరూ కదల్లేదు. ఓటిస్ నీళ్లలోకి దిగి ఎట్టా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. ఫిలమీనా దుప్పటి తెచ్చి ఆమె భుజాల చుట్టూ కప్పింది.

"తప్పు మాట చెప్పాను. నోటికి అదే వచ్చేసింది అమ్మాయీ."

"నువ్వేం తప్పు చెప్పలేదు," అంది ఎట్టా. ఇద్దరూ ఒకే దుప్పట్లో చాలాసేపు కూర్చున్నారు. ఆంటన్ కెమెరాకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

'వంతెన తెగిన రోజు' అని పేరు పెట్టిన ఆ బొమ్మని ఏప్రిల్లో ఒక శనివారం మధ్యాహ్నం పొమోనా అనే ఊళ్లో చూపించారు. జనం దానికోసం రాలేదు. ఆ రోజు అక్కడ ఆడుతున్న ఒక హాస్య చిత్రం కోసం వచ్చారు, దానికి ముందు ఇది వేశారు. థియేటర్ మేనేజరు గస్‌తో, "గొడవ చేస్తే మధ్యలో ఆపేస్తాను, ముందే చెప్తున్నా," అన్నాడు. ఎట్టా తలకి రుమాలు కట్టుకుని ఫిలమీనా పక్కన చివరి వరసలో కూర్చుంది. మొదటి రీలులో పిల్లలు వేరుశనగ తొక్కలు ఒకళ్ల మీద ఒకళ్లు విసురుకున్నారు. రాఫర్టీ గుర్రం కనబడితే ఈలలు వేశారు. బోర్డు సీను మొదలయ్యాక ఒక నిమిషానికి తొక్కల చప్పుడు ఆగింది. మూడు నిమిషాలకి దగ్గు కూడా ఆగింది. ఫిలమీనా గొంతు వచ్చేసరికి ముందు వరసలో ఒకాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బొమ్మ అయిపోయింది, దీపాలు వెలిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత పక్కవైపు నుంచి ఒక నడివయసు ఆడమనిషి లేచి నిలబడి కొట్టడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకొకరు లేచారు. ఇంకాసేపటికి థియేటరంతా లేచింది. హాస్య చిత్రం వేయడానికి మేనేజరుకి పావుగంట పట్టింది.

మర్నాడు ఆ ఊరి టెలిఫోన్ ఆపరేటర్లు షిఫ్టు దిగి గుంపుగా వచ్చారు. ఆ మర్నాడు పక్క ఊళ్లవాళ్లు వచ్చారు. ఒక్క రోజుకి ఒప్పుకున్న మేనేజరు దాన్ని మూడు వారాలు ఆడించాడు. మే నెలాఖరుకి ఆ బొమ్మ తూర్పున డెన్వర్ నగరం దాటింది. జూన్‌లో న్యూయార్క్ పత్రిక ఒకటి, 'ఈ ఏడాది తెర మీద చూసిన అతి గొప్ప నటన ఏడు నిమిషాల్లో ఉంది, అది గోవర్ వీధి నుంచి వచ్చింది,' అని రాసింది. గస్ ఆ కాగితాన్ని గుర్రాల దొడ్డి తలుపుకి మేకులు కొట్టి అంటించాడు.

ఆ వారమే కార్వర్స్ ల్యాండింగ్ నుంచి ఎట్టాకి ఉత్తరం వచ్చింది. ఓపల్ స్ట్రిక్కర్ రాసింది. బొమ్మ తమ ఊరికీ వచ్చిందని, రెండుసార్లు చూశానని చెప్పి, తప్పులు ఎంచింది. 'ట్రంకు లైను తీగ కుడివైపు ఉంటుందమ్మాయ్, ఎడమవైపు కాదు. నేను అంత శాంతంగా ఎక్కడున్నాను, మేయరుని తిట్టరాని తిట్లు తిట్టాను. కుర్చీలో కూర్చోనూ లేదు, కుర్చీ అప్పటికే కొట్టుకుపోయింది. ఇంకో మాట. కొండ మీద ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిన చూపు చూశాక నాకో సంగతి అర్థమైంది. ఇన్నేళ్లు నువ్వది మోస్తున్నావని నాకు తెలియదు. నేనే కదా నిన్ను పొమ్మన్నది. నీకప్పుడు పదిహేడేళ్లు. నువ్వు ఉండిపోయి ఉంటే నేను బోర్డు వదిలి నిన్ను చూసుకోవాల్సొచ్చేది, పల్లంలో ఉన్న ఫెర్రీ వీధి వాళ్లంతా మునిగేవాళ్లు. నువ్వు వెళ్లడమే ఆ రోజు నీ డ్యూటీ. అది సరిగ్గానే చేశావు.'

ఎట్టా ఆ ఉత్తరాన్ని వంటింటి బల్ల దగ్గర నిలబడి మూడుసార్లు చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పదహారేళ్లుగా ఏడవని ఏడుపు ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఆకలేసి గుడ్లు నాలుగు వేయించుకు తింది.

ట్రాస్క్ నుంచి పిలుపు ఆ శుక్రవారం వచ్చింది. ఈసారి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రా, కూర్చో. అగ్నిపర్వతం స్క్రిప్టు అవతల పారేశాను."

"ఆ పాత్ర ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు. నలభై థియేటర్ల మేనేజర్లు హార్న్‌బీక్ బొమ్మ కావాలని నా ప్రాణం తీస్తున్నారు. నా థియేటర్లు, నా తార, బొమ్మ మాత్రం వాడిది." ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "నేను నిన్ను శిక్షించడానికి పంపాను, ఆ మాట దాచను. ఇప్పుడు నీకేం కావాలో చెప్పు."

ఎట్టా దీనికి సిద్ధపడే వచ్చింది. గదిలో గోడల నిండా తన ఫొటోలే ఉన్నాయి. విల్లులా వంచిన కనుబొమలతో, సగం మూసిన కళ్లతో ఉన్న ఆ మనిషిని ఒక్కసారి కలయజూసింది.

"నేను నటించే కథ నేను చదివి ఒప్పుకున్నాకే మొదలవ్వాలి. వద్దంటే వద్దనే. అరువివ్వడాలు లేవు. అది కాగితం మీద ఉండాలి."

"ఏ నటికీ నేను అలా రాసివ్వలేదు."

"అవును, ఇదే మొదటిది అవుతుంది."

ట్రాస్క్ కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. "ఇంకా?"

"నా కెమెరామన్ ఆంటన్ వెసెలీ."

"ఆ మొండివాడా? వాణ్ని ఈ గేటులోంచి నేనే బయటికి పంపాను."

"అందుకే మీరే పిలిస్తే బాగుంటుంది. ఇంకొకటి ఉంది. మీ థియేటర్లలో బొమ్మ వేసేటప్పుడు హార్న్‌బీక్ పేరు పైన ఉండాలి. క్రెస్ట్‌మాంట్ పేరు అసలు ఉండకూడదు."

కోపమో మెచ్చుకోలో ఆయన ముఖంలో తేలలేదు. సెక్రటరీని కేకేసి, కాగితం తెమ్మన్నాడు. సంతకం పెట్టే ముందు ఎట్టా ఆ కాగితాన్ని ఒక్కో అక్షరమే చదివింది. ఒకచోట 'సాధ్యమైనంతవరకు' అన్న మాట ఉంటే కొట్టేయించింది. ట్రాస్క్ ఆ కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెడుతూ, "నీకు ఆ బోర్డు దగ్గర కూర్చోవడం ఎవరు నేర్పారోగానీ నాకు చాలా నష్టం చేశారు," అన్నాడు.

సెప్టెంబరు మొదటి ఆదివారం సాయంత్రం, క్రెస్ట్‌మాంట్ వాళ్ల అతి పెద్ద థియేటరులో, లాస్ ఏంజెలెస్ బ్రాడ్వే వీధిలో, పన్నెండు రోజుల్లో రేకుల షెడ్డులో తీసిన బొమ్మ వేశారు. రెండువేల మంది పట్టే హాలు నిండిపోయింది. గస్ అద్దె కోటు తొడుక్కొచ్చాడు. బొత్తాం పట్టక, పొట్ట మీద టోపీ అడ్డం పెట్టుకున్నాడు. ఆంటన్ తెర వంక చూడకుండా వెనక్కి తిరిగి, వెలుగు పడుతున్న ముఖాలనే చూస్తూ కూర్చున్నాడు. రాఫర్టీ బొమ్మలో తనకి ఆ ఊరు చేరే యోగం లేదని పక్కవాళ్లందరికీ ముందే చెప్పేశాడు.

బొమ్మ అయ్యాక హాలంతా లేచి నిలబడింది. ట్రాస్క్ కూడా లేచాడు. ఎవరో ఎట్టాని వేదిక మీదికి నెట్టారు. ఆమె అక్కడ బూడిదరంగు సాదా గౌనులో నిలబడింది. చప్పట్లు తగ్గుతాయని ఎదురుచూసింది, అవి తగ్గలేదు. చివరికి చెయ్యెత్తి ఆపింది.

"నా పేరు ఎట్టా స్ట్రౌప్," అంది. హాల్లో చాలామంది ఆ పేరు వినడం అదే మొదటిసారి. "ఈ బొమ్మలో మీకు కనబడని మనిషి ఒకరున్నారు. గొంతు మాత్రం విన్నారు. ఫిలమీనా, లే."

ఫిలమీనా లేవలేదు. పక్కన గస్ ఆమె మోచెయ్యి పట్టుకుని, సంతలో గుండు ఎత్తినంత సులువుగా లేపాడు. నల్లటి బట్టల్లో, చేతిసంచి రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఆమె నిలబడింది. రెండువేలమంది ఆమె వైపు తిరిగారు. అప్పుడు వచ్చిన చప్పట్లు అంతకుముందు వచ్చినవాటిని మింగేశాయి. ఫిలమీనా చుట్టూ చూసింది. మెల్లగా తల నిటారుగా ఎత్తింది, రేవులో బాగా దూరంగా ఉన్న పడవని చూసేవాళ్లలాగా. ఆమె ముఖం మీదికి నవ్వు వచ్చింది. ఆమె అలా నవ్వడం ఎట్టా అంతకుముందు చూడలేదు.

ఎట్టా ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నటించింది. న్యాయాధికారిగా, లారీ నడిపే విధవగా, పళ్లూడిన నాటకాల రాణిగా. సగం సినిమాలు ఆడాయి, సగం ఆడలేదు. ఆడనివాటి నెపాన్ని కూడా ఆమె ఎవరిమీదికీ నెట్టలేదు, తను చదివి ఒప్పుకున్నవే కదా అనేది. అదంతా తర్వాతి సంగతి. బ్రాడ్వేలో బొమ్మ వేసిన మర్నాడు, సోమవారం పొద్దున, ఆంటన్ ఒకప్పుడు తనని పంపేసిన క్రెస్ట్‌మాంట్ గేటులోంచి, తలెత్తుకుని, కెమెరా పెట్టె మోసుకుంటూ లోపలికి వచ్చాడు. కొత్త సినిమా మొదటి షాట్‌కి దీపాలు సరిచేస్తూ, పైనుంచి కేకేశాడు.

"రెండడుగులు ఎడమకి రా ఎట్టా. ఆఁ, అక్కడే. ముఖం కనబడాలి."

ఆమె రెండడుగులు ఎడమకి జరిగి వెలుగులో నిలబడింది.